మోకాళ్ళు వంచడానికి వారం పట్టింది

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఇలా చాప మీదకి రండి.

వారోత్సవాలు కదా, పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల గురించే మాట్లాడతాను. కాకపోతే జైలు దగ్గర మొదలుపెడతాను. మన గ్రంథాలయోద్యమానికి జైలు కొత్తేమీ కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో పత్రికలో వచ్చిన రాతకి రాజద్రోహం కేసులో జైలుకి వెళ్ళారు. బయటికొచ్చాక ఊళ్ళకి గ్రంథాలయాలు కావాలని, పెద్దవాళ్ళకి చదువు కావాలని జీవితమంతా తిరిగారు. ఆయన చదువుకున్న మనిషిగా జైలుకి వెళ్ళారు. నేను ఇవాళ చెప్పబోయేది చదువు మధ్యలో వదిలేసి, దొంగగా జైలుకి వెళ్ళిన ఒక కుర్రాడి సంగతి. అమెరికాలో నల్లజాతి హక్కుల కోసం నిలబడిన మాల్కం ఎక్స్ సంగతి.

మాల్కం తన ఆత్మకథలో ఒక మాట చెప్పుకున్నాడు. జైల్లో ఉండగా దేవుడికి ప్రార్థన చెయ్యాలని అనుకున్నాడట. అనుకున్న తర్వాత మోకాళ్ళు వంచడానికి వారం పట్టిందట. వారం! జబ్బు మనిషి కాడు, ముసలివాడు కాడు, ఇరవై మూడేళ్ళవాడు, ఆరడుగుల పైన పొడుగు. మోకాలు ఎందుకు వంగలేదు? సిగ్గు. వంగబోతే సిగ్గు ముంచుకొచ్చి మళ్ళీ లేచి నిలబడేవాడు. అంతకుముందు ఆ మోకాళ్ళు వంగింది దేనికో తెలుసా? ఎవరింటి తలుపు దగ్గరో కూర్చుని తాళం తీయడానికి. అతనే చెప్పుకున్నాడు, దొంగతనానికి తప్ప నా మోకాళ్ళు ఎప్పుడూ వంగలేదని.

నేను ఇవాళ ఆ వారం రోజుల గురించే మాట్లాడాలని వచ్చాను. మిగతాదంతా దానికోసం చెప్తున్నాను.

మాల్కం 1925 మే 19న నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమాహా అనే ఊళ్ళో పుట్టాడు. ఇంటిపేరు లిటిల్. తండ్రి ఎర్ల్ లిటిల్ బాప్టిస్టు ప్రసంగీకుడు. నల్లవాళ్ళు తలెత్తుకుని బతకాలని, తమ కాళ్ళ మీద తాము నిలబడాలని ఊరూరా చెప్పేవాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఆ మాట చెప్పడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. 1929లో మిషిగన్ రాష్ట్రంలో లాన్సింగ్ దగ్గర వాళ్ళ ఇల్లు తగలబడింది. 1931లో తండ్రి ట్రామ్ కింద పడి చనిపోయాడు. ప్రమాదమని అధికారులు రాసుకున్నారు. తెల్లవాళ్ళే చంపి పట్టాల మీద పడేశారని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. మాల్కంకి అప్పుడు ఆరేళ్ళు.

తల్లి లూయీజ్. కరీబియన్ దీవుల్లో గ్రెనడా నుంచి వచ్చిన మనిషి, చదువుకున్నది. భర్త పోయాక ఇంటినిండా పిల్లలతో, కరువు రోజుల్లో ఒక్కతే నెట్టుకొచ్చింది. నెట్టుకొచ్చి నెట్టుకొచ్చి మనసు చెదిరింది. మానసిక ఆసుపత్రిలో పెట్టారు. ఎన్నాళ్ళనుకుంటున్నారు? దాదాపు పాతికేళ్ళు. పిల్లల్ని తలో ఇంటికీ పంపేశారు.

అంత జరిగినా అతను బళ్ళో మంచి విద్యార్థి. తెల్లపిల్లల మధ్య చదువుతూ క్లాసు లీడరుగా ఎన్నికయ్యాడు. ఒకరోజు టీచరు, పెద్దయ్యాక ఏమవుతావురా అని అడిగాడు. లాయరు అన్నాడు మాల్కం. ఆ టీచరు నవ్వి, మీ జాతివాళ్ళకి అది కుదిరే పని కాదు, చేతిపని బాగా చేస్తావు కదా, వడ్రంగం నేర్చుకో అన్నాడు. మీ జాతి అనడానికి అతను వాడిన మాట నేను ఇక్కడ పలకను.

నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ టీచరు దుర్మార్గుడని మాల్కం కూడా అనలేదు. మంచి సలహా ఇస్తున్నాననే అతను అనుకుని ఉంటాడు. నాకు భయం వేసేది అక్కడే. వడ్రంగం తక్కువ పని కాదు. కానీ మార్కులు తక్కువ వచ్చిన తెల్లపిల్లలకి అదే టీచరు ఏం కావాలంటే అది అవ్వమని చెప్పాడు. ఎనిమిదో తరగతి తర్వాత మాల్కం బడి వదిలేశాడు. అక్క, అంటే తండ్రి మొదటి భార్య కూతురు ఎల్లా, బోస్టన్‌లో ఉంటే అక్కడికి వెళ్ళిపోయాడు.

బోస్టన్‌లో బూట్లు తుడిచాడు, రైళ్ళలో తినుబండారాలు అమ్మాడు. న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట హార్లెం చేరాడు. అక్కడ మత్తుమందులు అమ్మాడు, జూదం, దొంగతనం. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. సినిమాల్లో అదే ఎక్కువ చూపిస్తారు. ఒక్కటి మాత్రం చెప్తాను. మత్తులో లేకపోతే బతకలేని స్థితికి వచ్చాడు. 1946 జనవరిలో, దొంగిలించిన చేతి గడియారం ఒకటి రిపేరుకి ఇచ్చాడు. తీసుకోవడానికి వెళ్ళేసరికి పోలీసులు ఉన్నారు. ఎనిమిది నుంచి పదేళ్ళు శిక్ష. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. ముఠాలో తెల్ల అమ్మాయిలు ఉన్నారు కాబట్టే తనకి అంత పెద్ద శిక్ష పడిందని చివరిదాకా నమ్మాడు. ఆ రోజుల కోర్టుల సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాట తీసిపారేయలేరు.

చార్లెస్‌టౌన్ జైలు. 1805లో కట్టింది. కొళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. గదిలో ఒక బకెట్టు, అంతే. మంచం మీద పడుకుని చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేవట. మత్తుమందు దొరక్క, వంటగదిలో పనిచేసే ఖైదీల దగ్గర అగ్గిపెట్టెడు జాజికాయ పొడి కొనుక్కుని నీళ్ళలో కలుపుకుని తాగేవాడు. మనం పాయసంలో చిటికెడు వేసుకునే జాజికాయ. దేవుణ్ణి, బైబిలునీ నోటికొచ్చినట్టు తిట్టేవాడు. తోటి ఖైదీలు పేరు పెట్టారు, సైతాను అని.

అలాంటివాడికి ఆ జైల్లో ఒక మనిషి కనిపించాడు. బెంబ్రీ అని, పెద్దవయసు ఖైదీ, నల్లవాడే. ఈయన కొట్టడు, తిట్టడు, బెదిరించడు. మాట్లాడతాడు. ఆయన మాట్లాడుతుంటే ఖైదీలు చుట్టూ చేరేవాళ్ళు, గార్డులు కూడా నిలబడి వినేవాళ్ళు. ఒట్టి మాటతోనే అంత గౌరవం తెచ్చుకున్న మనిషిని మాల్కం అదివరకు చూడలేదు. ఒకరోజు ఆయన మాల్కంతో, నీకు బుర్ర ఉంది, వాడుకోవడం లేదు అన్నాడు. జైల్లో లైబ్రరీ ఉంది, పోస్టు ద్వారా చదువుకునే కోర్సులున్నాయి, మొదలుపెట్టు అన్నాడు. ఇంగ్లీషు మొదలుపెట్టాడు, తర్వాత లాటిన్ కూడా. బళ్ళో ఒక టీచరు మూసేసిన తలుపు జైల్లో ఒక దొంగ తెరిచాడు. నేను చదువు చెప్పి బతికినవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఎక్కడ మాట్లాడినా చెప్తాను.

ఇక ఇంటి నుంచి ఉత్తరాలు. అన్నదమ్ములు, ఇంకో అక్క, ఒక్కొక్కరే ఒక కొత్త మతంలో చేరారు. నేషన్ ఆఫ్ ఇస్లాం అని అమెరికా నల్లవాళ్ళ సంస్థ, ఎలైజా ముహమ్మద్ అనే ఆయన నడిపేవాడు. ఒక అన్న, నీకోసం ప్రార్థన చేయిస్తున్నాం అని రాస్తే మాల్కం బూతులు తిడుతూ జవాబు రాశాడు. తమ్ముడు రెజినాల్డ్‌కి మాత్రం వీడి సంగతి తెలుసు. దేవుడి ఊసే ఎత్తకుండా రాశాడు. ఇకనుంచి పందిమాంసం తినకు, సిగరెట్లు మానెయ్యి, జైల్లోంచి ఎలా బయటపడాలో నేను చెప్తాను అని.

మాల్కం ఏమనుకున్నాడు? ఇదేదో ఎత్తు అనుకున్నాడు. జైలు డాక్టర్లని బోల్తా కొట్టించే ఉపాయం ఏదో తమ్ముడికి తెలిసిందనుకున్నాడు. సరే అని సిగరెట్లు మానేశాడు. తర్వాత ఒకరోజు భోజనాల బల్ల దగ్గర మాంసం పళ్ళెం చేతికొచ్చింది. ఏం మాంసం అని అడిగాడు. పంది అన్నారు. నేను తినను అని పక్కవాడికి అందించాడు. అంతే. సాయంత్రానికి జైలంతా ఒకటే మాట, సైతాను పందిమాంసం తినలేదట! అతనికి గర్వం వేసింది. ఎవరూ బలవంతం చెయ్యకుండా తన నోటిని తాను ఆపుకున్నాడు. ఏళ్ళ తరబడి ఏది కనిపిస్తే అది లాక్కున్నవాడు, చేతికొచ్చిన పళ్ళాన్ని పక్కకి జరిపాడు. ఇది ప్రార్థన కన్నా ముందు జరిగింది, గుర్తుపెట్టుకోండి.

నార్‌ఫోక్ లైబ్రరీ

1948లో అక్క ఎల్లా ప్రయత్నం వల్ల నార్‌ఫోక్ అనే చోటికి మార్చారు. అది కూడా జైలే, కానీ ఖైదీని మనిషిగా మార్చాలని పెట్టిన జైలు. అక్కడ పెద్ద లైబ్రరీ. ఒక ధనవంతుడు తన పుస్తకాలన్నీ ఇచ్చేశాడు. ఇంకా విప్పని పెట్టెలు గోడవారగా పేర్చి ఉండేవట. మన లైబ్రేరియన్ గారు నవ్వుతున్నారు, ఆవిడ కష్టం ఆవిడకి తెలుసు.

ఎలైజా ముహమ్మద్‌కి ఉత్తరం రాయాలనుకున్నాడు మాల్కం. రాయడం రాదు. వీధిలో అయితే మాటలు తూటాల్లా వచ్చేవి. కాగితం మీదకి వచ్చేసరికి ఏం రాయాలో తెలియదు, గీతల మీద అక్షరాలు నిలవవు. ఒక్క పేజీ ఉత్తరం. పాతికసార్లు రాశాడట. పాతికసార్లు చించాడన్నమాట.

అప్పుడు జైలు బడి నుంచి ఒక నిఘంటువు, కాగితాలు, పెన్సిళ్ళు అడిగి తెచ్చుకున్నాడు. రెండు రోజులు ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్ని మాటలున్నాయా అని. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మొదటి పేజీ ఎక్కించడం మొదలుపెట్టాడు. ప్రతి మాటా, ప్రతి అర్థం, చుక్కలతో సహా. ఒక పేజీకి ఒక రోజు. రాసిందంతా పైకి చదువుకున్నాడు, మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. మర్నాడు లేచేసరికి ఆ మాటలు గుర్తున్నాయి! మొదటి పేజీలో ఆర్డ్‌వార్క్ అని ఒక జంతువు ఉందట, ఆఫ్రికాలో చెదపురుగులు తిని బతికేది. ఆ మాట చివరిదాకా మర్చిపోలేదు. అలా నిఘంటువు మొత్తం ఎక్కించాడు. పిల్లలూ, మీకు ఇంపోజిషన్ రాయమంటే ఏడుస్తారు కదా. ఇతనికి ఎవరూ రాయమని చెప్పలేదు.

రాత్రి పదింటికి గదుల్లో దీపాలు ఆపేసేవాళ్ళు. వరండాలో ఒక బల్బు ఉండేది. దాని వెలుగు తలుపు దగ్గర నేల మీద పడేది. అక్కడ కూర్చుని తెల్లవారుజామున మూడింటిదాకా, నాలుగింటిదాకా చదివేవాడు. గంటకోసారి గార్డు వస్తాడు. అడుగుల చప్పుడు వినగానే మంచం ఎక్కి నిద్ర నటించడం, వెళ్ళగానే మళ్ళీ కిందకి దిగడం. కళ్ళు పాడైపోయాయి. తర్వాత మీరు ఫొటోల్లో చూసే ఆ కళ్ళద్దాలు అలా వచ్చినవే.

ఏం చదివాడు? బానిసత్వం చరిత్ర, ఆఫ్రికా చరిత్ర, తత్వశాస్త్రం. మన దేశం గురించి కూడా చదివాడు. ఈస్టిండియా కంపెనీ ఎలా వచ్చింది, 1857లో ఏం జరిగింది, అవన్నీ. పుస్తకంలో ఎక్కడ చూసినా తెల్లవాడు వేరేవాళ్ళ నేల మీదకి వెళ్ళి వాళ్ళని తొక్కిన కథే కనిపించింది.

అదే సమయంలో ఎలైజా ముహమ్మద్ బోధ చెవిన పడుతోంది. ఆ బోధ ఏమిటి? తెల్లవాడు సైతాను. పుట్టుకతోనే సైతాను. నల్లవాడే అసలు మనిషి. ఈ మాట తప్పు. ఏ మనిషీ పుట్టుకతో సైతాను కాడు. అసలు ఇస్లాంలో కూడా ఆ మాట లేదు. కానీ ఒక్క క్షణం మాల్కం పక్కన కూర్చుని వినండి. తండ్రి ఎలా పోయాడు? అమ్మ ఎక్కడుంది? ఆ టీచరు ఏమన్నాడు? ఇరవై ఏళ్ళుగా అతను, తప్పంతా నాలో ఉంది, నేను చెడ్డవాణ్ణి అనుకుంటూ బతికాడు. మొట్టమొదటిసారి ఒకరు, నీకు జరిగినదానికి ఒక కారణం ఉంది, నువ్వు గౌరవం ఉన్న జాతివాడివి అని చెప్పారు. పట్టుకున్నాడు. మునిగిపోతున్నవాడు దొరికిన దుంగని పట్టుకుంటాడు, అది ఏ చెట్టు కర్ర అని చూడడు.

ఇప్పుడు ఆ వారం రోజులకి వచ్చాను. ప్రార్థన చెయ్యమన్నారు. మోకాళ్ళ మీద కూర్చోవాలి. వంగబోతాడు, లేచిపోతాడు. వంగబోతాడు, లేచిపోతాడు. తన తప్పు ఒప్పుకుని క్షమించమని అడగడం కన్నా కష్టమైన పని ప్రపంచంలో లేదు అనుకున్నాడట.

నా సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఉద్యోగంలో ఉండగా రెండేళ్ళు నేను జైలుకెళ్ళి ఖైదీలకి అక్షరాలు నేర్పాను. వాళ్ళలో ఒక నడివయసు మనిషి ఉండేవాడు. పలక పట్టుకునేవాడు కాదు. గోడకి ఆనుకుని నిలబడి చూసేవాడు. కూర్చో అన్నా అంటే, నిలబడే వింటాలెండి సార్ అనేవాడు. మూడు నెలలు అలాగే. తర్వాత వాళ్ళ అమ్మాయి ఉత్తరం రాసింది. ఇంకొక ఖైదీ దాన్ని చదివి పెట్టాడు. తన కూతురు తనకి రాసుకున్న మాటలు వేరేవాడి నోట వినాల్సి వచ్చింది. మర్నాడు వచ్చి నేల మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. చెమటలు పట్టాయి. నలభై ఏళ్ళు దాటిన మనిషికి అందరి ముందూ నేల మీద కూర్చుని అ ఆలు దిద్దడం ఎంత కష్టమో నేను ఆ రోజు చూశాను. అందుకే మాల్కం వారం పట్టిందంటే నేను నమ్ముతాను.

వారం తర్వాత వంగాడు.

మీరు గమనించారో లేదో, నేను ఇంతసేపూ అతను, వాడు అంటూ వచ్చాను. ఇక్కడినుంచి ఆయన అంటాను. నా మనసుకి అలాగే అనిపిస్తుంది.

1950లో ఆయన, తోటి ముస్లిం ఖైదీలు టైఫాయిడ్ టీకా వద్దన్నారు. మళ్ళీ చార్లెస్‌టౌన్ జైలుకి పంపారు. అక్కడ, తూర్పు వైపు తిరిగి ప్రార్థన చేసుకునేలా గదులివ్వండి అని అడిగారు. స్థానిక పత్రికల్లో వచ్చింది. బకెట్టు గదిలో సైతాను అనిపించుకున్న మనిషి, నాలుగేళ్ళ తర్వాత అదే జైలుకి వచ్చి తూర్పు వైపు గది అడిగాడు.

1952 ఆగస్టు 7న విడుదలయ్యారు. బయటికొచ్చి మూడు వస్తువులు కొనుక్కున్నారు. మంచి కళ్ళద్దాలు, ఒక సూట్‌కేసు, ఒక చేతి గడియారం. దొంగ గడియారంతో లోపలికి వెళ్ళి, డబ్బిచ్చి కొన్న గడియారంతో కొత్త బతుకు మొదలుపెట్టారు. లిటిల్ అనే ఇంటిపేరు బానిసల యజమానులు తగిలించిన పేరు కాబట్టి తీసేసి, పోయిన అసలు పేరుకి గుర్తుగా ఎక్స్ పెట్టుకున్నారు.

తర్వాత పన్నెండేళ్ళు మీకు తెలిసినవే. నేషన్ ఆఫ్ ఇస్లాంని ఊరూరా నిలబెట్టింది ఆయనే. 1954 నుంచి హార్లెంలో ఆయనే గురువు. తాగుబోతుల్ని, మత్తుకి బానిసలైనవాళ్ళని, జైలు నుంచి వచ్చినవాళ్ళని ఆయన మాట మనుషుల్ని చేసింది. 1958లో బెట్టీ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఇదంతా గొప్పదే. కానీ నేను వేరే సంగతి చెప్పాలి.

రెజినాల్డ్ ఏమయ్యాడు? ఉత్తరం రాసిన తమ్ముడు. మాల్కం జైల్లో ఉండగానే, సంస్థలో ఒక అమ్మాయితో సంబంధం పెట్టుకున్నాడని ఎలైజా ముహమ్మద్ ఆ తమ్ముణ్ణి వెలివేశాడు. తమ్ముడి తరఫున మాల్కం ఉత్తరం రాశారు. గురువు మందలించాడు. మాల్కం ఊరుకున్నారు. ఊరుకోవడమే కాదు, తమ్ముణ్ణి దూరం పెట్టారు. దైవం వేసిన శిక్ష అని నమ్మారు. ఆ తర్వాత రెజినాల్డ్‌కి మతి చెదిరింది. తనని దారిలో పెట్టిన తమ్ముణ్ణి, ఆ దారి కోసమే వదిలేశారు.

ఇంకొకటి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఒక కాలేజీలో ఆయన ప్రసంగం విని ఒక తెల్ల అమ్మాయి తల్లడిల్లిపోయింది. వెంటనే విమానం ఎక్కి న్యూయార్క్ వచ్చింది. హార్లెంలో ముస్లింల హోటల్లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, నేనేం చెయ్యగలను చెప్పండి అని అడిగింది. ఆయన ఒకటే మాట అన్నారు. ఏమీ లేదు. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది. బళ్ళో టీచరు తనకి చేసింది గుర్తుందా? పుట్టుక చూసి, నీవల్ల కాదు అన్నాడు. మాల్కం ఆ అమ్మాయికి చేసింది ఏమిటి? అదే కదా.

నేను ఆయన్ని తక్కువ చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. జైల్లో మారాడు, అంతే, ఇక మహానుభావుడు అని మనం కథ ముగించేస్తాం. జైల్లో దొరికిన విశ్వాసం ఆయనకి వెన్నెముక ఇచ్చింది, నిజం. ఆ విశ్వాసంలోనే ఒక అబద్ధం కూడా ఉంది. అది కూడా నిజం. తనని బతికించిన దాంట్లోనే తప్పుందని తెలిస్తే మనిషి ఏం చెయ్యాలి? ఆయన ముందుకి ఆ ప్రశ్న వచ్చింది.

జెడ్డా

గురువుకి తన దగ్గర పనిచేసిన యువతులతో సంబంధాలున్నాయని, పిల్లలు కూడా ఉన్నారని మాల్కంకి తెలిసింది. ఏ తప్పుకి రెజినాల్డ్‌ని వెలివేశారో అదే తప్పు. ఆయన ఆ అమ్మాయిల దగ్గరికి స్వయంగా వెళ్ళి అడిగి తెలుసుకున్నారు. 1963 డిసెంబరులో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య మీద అన్న మాటకి గురువు ఆయన నోరు మూయించాడు. 1964 మార్చి 8న మాల్కం ఆ సంస్థ వదిలేశారు. చేతిలో డబ్బు లేదు, ఉంటున్న ఇల్లు కూడా సంస్థదే. మక్కా యాత్రకి వెళ్ళాలనుకుంటే డబ్బిచ్చింది ఎవరో తెలుసా? అక్క ఎల్లా. తన యాత్ర కోసం దాచుకున్న సొమ్ము తమ్ముడి చేతిలో పెట్టింది. ఈ కథలో అన్నిచోట్లా ఆవిడే ఉంటుంది, ఎవరూ ఆవిడ పేరు చెప్పరు.

1964 ఏప్రిల్. సౌదీ అరేబియాలో జెడ్డా విమానాశ్రయం. అమెరికా పాస్‌పోర్టు చూసి, నువ్వు నిజంగా ముస్లింవేనా, కోర్టు తేల్చాలి అని ఆపేశారు. శుక్రవారం, కోర్టుకి సెలవు. విమానాశ్రయం మీద యాత్రికులు ఉండే గదిలో పెట్టారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, భాష రాదు.

అక్కడ నమాజు చేద్దామని నిలబడ్డారు. రాలేదు. పన్నెండేళ్ళు అమెరికా అంతా తిరిగి ఇస్లాం బోధించిన మనిషికి నమాజు చెయ్యడం రాలేదు! నేషన్ ఆఫ్ ఇస్లాంలో అసలు పద్ధతి నేర్పలేదు. అరబ్బీ మాటలు తెలియవు. ఎలా కూర్చోవాలో తెలియదు. యాత్రికులకి దారి చూపే మనిషి ఒకాయన దగ్గరుండి చూపిస్తే, ఆయన్ని చూస్తూ చేశారు. పడమటి దేశంలో కుర్చీలకి అలవాటుపడ్డ కాళ్ళు. మడమలు, వేళ్ళు నొప్పెట్టాయి.

ఇది మళ్ళీ అదే మోకాలు. నార్‌ఫోక్‌లో ఇరవై మూడేళ్ళ దొంగ వంచిన మోకాలు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, ప్రపంచమంతా పేరు తెలిసినవాడు. ఏది కష్టం? ఏమీ లేనివాడు వంగడం కష్టమా, అన్నీ తెలుసనుకున్నవాడు వంగడం కష్టమా? నన్నడిగితే రెండోదే కష్టం. కానీ ఈసారి వారం పట్టలేదు.

తర్వాత ఒక ఫోన్ నంబరు గుర్తొచ్చింది. ఉమర్ అజ్జాం అనే ఇంజినీరుది. ఆయన పరుగున వచ్చి విడిపించారు. ఆయన తండ్రి అబ్దుల్ రహమాన్ అజ్జాం, అరబ్బు దేశాల కూటమి అరబ్ లీగ్‌కి మొదటి ప్రధాన కార్యదర్శిగా చేసినవారు. హోటల్లో తన గది ఖాళీ చేసి మాల్కంకి ఇచ్చేశారు. అమెరికాలో అయితే ఆ మనుషుల్ని చూసి తెల్లవాళ్ళు అనే అంటారు. వాళ్ళకి మాల్కం వల్ల వచ్చేదేమీ లేదు. ఆ రాత్రి ఆ గదిలో కూర్చుని ఆయన ఆలోచించారు.

మక్కా నుంచి ఇంటికి ఉత్తరం రాశారు. నీలికళ్ళవాళ్ళతో, బంగారు రంగు జుట్టువాళ్ళతో, తెల్లటి తెలుపున్నవాళ్ళతో కలిసి ఒకే కంచంలో తిన్నాను, ఒకే గ్లాసులో తాగాను అని. ఈ మాట చదివితే అమెరికాలో ఎవరికి ఎలా తగిలిందో నాకు తెలియదు కానీ, మనకి వేరేగా తగలాలి. ఒకే గ్లాసులో తాగాను. మన ఊళ్ళల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసులు పెట్టిన రోజులు మీలో పెద్దవాళ్ళు చూశారు. ఒక గ్లాసు బల్ల మీద, ఒక గ్లాసు బయట చూరుకి. చూడలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా చిన్నప్పుడు నేను చూశాను, ఏమీ అనకుండా లోపలి గ్లాసులో టీ తాగి వచ్చాను. ఒక గ్లాసు అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మక్కాకి వెళ్ళొచ్చి మెత్తబడిపోయారని కొందరు రాస్తారు. అది నిజం కాదు. అమెరికాలో నల్లవాళ్ళకి జరుగుతున్నదాని మీద ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆ సమస్యని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళాలని ఎన్నో ఆఫ్రికా దేశాలు తిరిగారు. తిరగబడి ఆత్మరక్షణ చేసుకునే హక్కుందని చివరిదాకా అన్నారు. మారింది ఒక్కటే. మనిషిని రంగు చూసి కాకుండా చేసే పని చూసి తూకం వేస్తానన్నారు. అప్పటికి ఆయన పేరు ఎల్ హజ్ మాలిక్ ఎల్ షబాజ్.

1965 ఫిబ్రవరి 4న అలబామా రాష్ట్రంలో సెల్మా అనే ఊరికి వెళ్ళారు. మార్టిన్ లూథర్ కింగ్ అప్పుడు అక్కడ జైల్లో ఉన్నారు. వాళ్ళిద్దరూ జీవితంలో ఒక్కసారే కలుసుకున్నారు, 1964 మార్చిలో, కొద్ది నిమిషాలు. కింగ్‌ని ఎన్నోసార్లు ఎగతాళి చేసిన మాల్కం, ఆ రోజు చర్చిలో ఆయన భార్య కొరెట్టా గారి దగ్గరికి వెళ్ళి, నేను మీ ఆయనకి పని కష్టం చెయ్యడానికి రాలేదు, సాయం చెయ్యడానికే వచ్చానని చెప్పండి అన్నారు.

ఫిబ్రవరి 14న, భార్యాపిల్లలు నిద్రపోతుండగా ఇంటి మీద బాంబులు వేశారు. బతికి బయటపడ్డారు. 19న గోర్డన్ పార్క్స్ అనే ఫొటోగ్రాఫరు కలిస్తే, ఆ కాలేజీ అమ్మాయి గుర్తుందా అని ఆయనే ఎత్తారు. ఏమీ లేదు అన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాను అన్నారు. అప్పట్లో నేను మంత్రం వేసినట్టు ఉన్నాను, ఎటు నడవమంటే అటు నడిచాను, దానికి నాకు పన్నెండేళ్ళు ఖర్చయ్యాయి అన్నారు. రెండు రోజుల తర్వాత, 21న, హార్లెం దగ్గర ఆడుబాన్ హాల్లో ప్రసంగం మొదలుపెట్టగానే కాల్చి చంపారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. బెట్టీ గారు గర్భవతి, కవలలు. నలుగురు ఆడపిల్లలు హాల్లోనే ఉన్నారు.

ఆ కేసులో ముగ్గురికి శిక్ష పడింది. వాళ్ళలో ఇద్దరు ఏ పాపం ఎరుగరని 2021లో కోర్టు ఒప్పుకుంది. చెరో ఇరవై ఏళ్ళు జైల్లో గడిపాక. ఒకాయన ఆ తీర్పు వినకుండానే 2009లో చనిపోయారు. జైలంటే మనిషిని మార్చే చోటని ఎవరైనా అంటే నేను ఈ ఇద్దరి పేరు తల్చుకుంటాను. మాల్కంని మార్చింది ఆ గోడలు కాదు. బెంబ్రీ, రెజినాల్డ్, ఎల్లా, ఆ పుస్తకాల పెట్టెలు.

సమాధి దగ్గర జరిగింది చెప్పి ఆపేస్తాను. తెల్లగుడ్డ చుట్టి, ఇస్లాం పద్ధతిలో తీసుకెళ్ళారు. శ్మశానంలో మట్టి పూడ్చడానికి తెల్లజాతి కూలీలు పారలతో నిలబడి ఉన్నారు. హార్లెం నుంచి వచ్చినవాళ్ళు, ఆయన్ని మేమే పూడ్చుకుంటాం అని ఆ పారలు తీసుకున్నారు. మంచి బట్టలు వేసుకుని వచ్చినవాళ్ళు వంగి, చేతులతో కూడా మట్టి వేశారు.

చీకటి పడుతోంది, పిల్లలు ఇళ్ళకి వెళ్ళాలి. అడగాల్సినవి ఉంటే అడగండి, ఇంకో పావుగంట ఉంటాను. ఆ చివర అమ్మాయి ఇందాకటినుంచి చెయ్యెత్తుతోంది. మైకు ఆ పాపకి ఇవ్వండి.